పంట రక్షణకు మడత తుపాకీ

మే నెల రెండో శనివారం పొద్దున్నే అనంతలక్ష్మి పెట్టిన కేకకి ఇంటిల్లిపాదీ పెరట్లోకి పరుగెత్తారు.

"చూడండి, మళ్ళీ పెళ్ళగించేసింది ముదనష్టపు జంతువు! ఒక్క మొక్క మిగల్చలేదు!"

పక్క రాష్ట్రంలో ప్లేనో అనే ఊళ్ళో ఉన్న కోడలి స్నేహితురాలు పోస్టులో పంపిన విత్తనాలతో ఆవిడ గోంగూర మడి వేసింది. మొలకలు జానెడెత్తు రావడం, తెల్లారేసరికి మడంతా గుంటలు పడి ఉండటం, ఇది మూడోసారి. చేసింది ఆర్మడిల్లో. ఒంటినిండా పెంకుల కవచం, ఎలక మూతి, కుందేలు చెవులు. మొదటిసారి చూసినప్పుడే అనంతలక్ష్మి "ఇది మన అలుగు కదూ" అంది. అప్పట్నుంచీ ఇంట్లో దాని పేరు అలుగే. అది గోంగూర తినదు, మట్టిలో పురుగుల కోసం తవ్వుతుంది. ఆ సంగతి తెలిశాక ఆవిడకి ఇంకా ఒళ్ళు మండింది. "తింటే పోనీ పుణ్యమనుకుందును. తినదు, తిననివ్వదు" అంది.

"ఇంక దీనికి ఒకటే మందమ్మా. రైఫిల్ కొంటాను" అన్నాడు కొడుకు భానుప్రకాష్.

భానుప్రకాష్‌కి నలభై ఏళ్ళు. అర్కన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో ఆ పెద్ద రిటైల్ కంపెనీ హెడ్డాఫీసులో కాంట్రాక్టరుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేయిస్తాడు. జనవరిలో గ్రీన్‌కార్డ్ వచ్చింది. ఊరి హద్దు దాటాక ముప్పావు ఎకరంలో ఉన్న ఇల్లు కొని నాలుగేళ్ళయింది. దోమని కొట్టబోయి రెండుసార్లు సారీ చెప్పే రకం. అలాంటివాడి నోట రైఫిల్ అన్నమాట వినేసరికి అతని భార్య జయంతి చేతిలోని కాఫీ కప్పు అలాగే ఆగిపోయింది.

"డేల్ చెప్పాడు" అని భానుప్రకాష్ వివరించాడు. డేల్ పక్కింటాయన, ట్రక్కు కంపెనీలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. "చిన్నది, చవకది. సగానికి మడిచి బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకోవచ్చు. నిన్న ఆఫీస్ నుంచి వస్తూ షాప్‌లో చూశాను కూడా. కేజిన్నర కూడా లేదు."

"గుమ్మడికాయంత బరువు కూడా లేదన్నమాట" అంది అనంతలక్ష్మి, కాస్త ఆశగా.

అంతవరకూ గుంటల లోతు చూస్తున్న భీమశంకరం గారు తలెత్తారు. "లైసెన్సు ఎవరిస్తార్రా?"

"ఎవరూ ఇవ్వక్కర్లేదు నాన్నా. షాప్‌లో ఒక ఫారం ఫిల్ చేస్తే వాళ్ళే ఫోన్ చేసి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. పావుగంట."

"పావుగంటా?"

"రష్ ఉంటే అరగంట."

భీమశంకరం గారు మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆయన ఏలూరు కలెక్టరేట్‌లో మెజిస్టీరియల్ సెక్షన్ సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. సర్వీసులో పంతొమ్మిదేళ్ళు తుపాకీ లైసెన్సుల ఫైళ్ళతోనే గడిచింది. తహశీల్దారు రిపోర్టు, ఆర్డీవో రిపోర్టు, ఎస్పీ గారి రిపోర్టు, అన్నీ వచ్చి కలెక్టరు సంతకం దాకా వెళ్ళేసరికి త్వరగా అయితే పదకొండు నెలలు. త్వరగా కాకపోతే దరఖాస్తుదారు కొడుకు పేరు మీద మళ్ళీ పెట్టుకోవాల్సి వచ్చేది.

"ఎక్కడ అమ్ముతున్నారది?" అని అడిగారు చివరికి.

"చేపల గాలాల పక్కన."

ఆయన కళ్ళు మూసుకున్నారు.

జయంతి కప్పు పక్కన పెట్టింది. "నాకు ఇష్టం లేదు. కానీ నేను నో అంటే పిరికిదాన్నంటారు. ఈ సబ్జెక్టులో మనింట్లో ఎక్స్‌పర్ట్ మామయ్యగారే. ఆయన విచారణ చేసి ఓకే అంటే నేనూ ఓకే."

భానుప్రకాష్ నవ్వేశాడు. అలుగుల బెడదకి సాక్ష్యం ఎదురుగానే ఉంది, తండ్రి ఎంతసేపు ఆలోచిస్తాడు అనుకున్నాడు. "డన్" అన్నాడు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు అంటే ఏమిటో అతనికి అప్పటికి తెలీదు.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి డైనింగ్ టేబుల్ మీద ఫైలు తయారైంది. మనవరాలు స్మృతి స్కూల్ ఫోల్డరుకి కన్నాలు పొడిచి, గిఫ్ట్ ప్యాకెట్ల రిబ్బన్‌ని ట్యాగులా ముడేసి, పైన "వి. భానుప్రకాష్, మడత తుపాకీ, పంట రక్షణ నిమిత్తం" అని రాశారు భీమశంకరం గారు. దరఖాస్తు రాసిమ్మన్నారు. భానుప్రకాష్ అరపేజీ రాసిచ్చాడు. పది నిమిషాల్లో అది వెనక్కొచ్చింది. పంట విస్తీర్ణం రాయలేదు, పంటకి జరిగిన నష్టం రాయలేదు, "గౌరవనీయులైన" అన్నమాట లేదు.

"విస్తీర్ణం ఏం రాయాలి నాన్నా? ఎనిమిది అడుగులు బై పన్నెండు."

"అదే రాయి. సిగ్గెందుకు? మా దగ్గర మూడెకరాలు లేనివాడి దరఖాస్తు తీసుకునేవాళ్ళమే కాదు. నీది ప్రత్యేక పరిస్థితుల కింద చూస్తున్నాను."

ఆ సాయంత్రం వాంగ్మూలాలు మొదలయ్యాయి. మొదటి సాక్షి అనంతలక్ష్మి. గోంగూర గురించి మాట్లాడినంతసేపు ఆవిడ గొంతు గట్టిగానే ఉంది. "ఆ తుపాకీతో దాన్ని చంపితే కళేబరం ఎవరు తీయాలి?" అని భర్త అడిగేసరికి తగ్గిపోయింది.

"చంపడం ఎందుకండీ? బెదిరించే తుపాకీ ఉండదూ?"

"అలాంటిది లేదు."

"పెరట్లో శవాన్ని పెట్టుకుని నేను ఆ గోంగూర వండుతానా?" అందావిడ. భీమశంకరం గారు అది కూడా రాసుకున్నారు.

స్మృతికి పదకొండేళ్ళు. వచ్చీరాని తెలుగులో, అన్ని మాటల్నీ కొంచెం సాగదీస్తూ చెప్పింది. "తాతగారూ, ఆర్మడిల్లోకి ఫోర్ బేబీస్ ఉంటాయి. ఆల్వేస్ ఫోర్. ఐడెంటికల్. స్కూల్లో చెప్పారు. డాడీ మామ్‌ని షూట్ చేస్తే బేబీస్ ఎవరు చూస్తుంది?"

"చూస్తారు" అని ఆయన వ్యాకరణం సరిచేశారు. ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పలేదు.

జయంతి వాంగ్మూలమే అన్నిటికంటే పొడుగు. "మామయ్యగారూ, నేను ఆయన గురించి చెడ్డగా చెప్పను. ఫ్యాక్ట్స్ చెప్తాను. ఈ ఏడాది మూడు గొడుగులు పోగొట్టారు. కార్ తాళాలు ఫ్రీజర్‌లో బెండకాయల ప్యాకెట్ కింద దొరికాయి. గరాజ్ డోర్ వారానికి రెండుసార్లు తెరిచే ఉంటుంది. పెద్ద తుపాకీ అయితే ఎక్కడ పెట్టారో కనిపిస్తుంది. మడిచేది కొంటున్నారు. మడిచి ఎక్కడ పెట్టారో ఆయన మర్చిపోతే, వెతికేది నేనేగా?"

పక్క గదిలోంచి వింటున్న భానుప్రకాష్ "నాలుగో గొడుగు దొరికింది" అని అరిచాడు.

ఆదివారం పొద్దున స్థల తనిఖీ పేరుతో తండ్రీకొడుకులు డేల్ ఇంటికి వెళ్ళారు. భీమశంకరం గారు ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకుని, ఫైలు చంకలో పెట్టుకున్నారు. డేల్ వాళ్ళని చూసి సంబరపడి, లోపల్నుంచి సరిగ్గా అలాంటి రైఫిలే తెచ్చి చూపించాడు. ఒక బొత్తాం నొక్కితే టక్కున విరిగినట్టు సగానికి మడత పడింది. మళ్ళీ తెరిస్తే టక్కున నిలబడింది. "పట్టుకుని చూడండి సార్" అని ఇంగ్లీషులో చెప్పి పెద్దాయన ముందుకి చాచాడు.

భీమశంకరం గారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు.

"నేను విజిటర్ వీసా మీద వచ్చాను. ముట్టుకోకూడదు" అన్నారు ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా.

"మా పెరట్లో ఎవరు చూస్తారు?" అన్నాడు డేల్.

"నేను చూస్తాను" అన్నారాయన.

అయినా ఆయన కళ్ళు మాత్రం దాన్ని వదల్లేదు. నాలుగు వందల ఫైళ్ళు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక్క తుపాకీ కూడా చేతికి రాలేదు. నంబర్లు, కొలతలు, తయారీ సంవత్సరాలు అన్నీ కాగితం మీదే. "ఇంకొక్కసారి మడవండి" అని డేల్‌ని అడిగారు. తర్వాత మరోసారి అడిగారు. డేల్ విసుక్కోకుండా ఏడుసార్లు మడిచి చూపించాడు. మడత పడ్డ ప్రతిసారీ పెద్దాయన ముఖంలో పండగ తీర్థంలో బొమ్మ చూసిన పిల్లాడి వెలుగు.

తర్వాత డేల్ కంచె అవతల మట్టిగట్టు మీద ఆరు ఖాళీ సోడా డబ్బాలు నిలబెట్టి భానుప్రకాష్ చేత కాల్పించాడు. మొదటి తూటా గట్టుకి తగిలింది. రెండోదీ గట్టుకే. పన్నెండు తూటాలయ్యాక ఒక డబ్బా పడింది. గాలికి పడిందని డేల్, తానే కొట్టానని భానుప్రకాష్ వాదించుకున్నారు. ఇద్దరూ కలిసి పోయి ఆ డబ్బాకి కన్నం కోసం వెతికారు. ఆ వెతకడంలో భానుప్రకాష్ పగలబడి నవ్వడం భీమశంకరం గారు విన్నారు. వచ్చిన రెండు నెలల్లో కొడుకు అలా నవ్వగా వినలేదాయన.

ఆ సాయంత్రం పెరటి వసారాలో కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఫైలు మూసే ఉంది.

"ఒరేయ్, నిజం చెప్పు. అలుగు కోసమేనా?"

భానుప్రకాష్ కాసేపు కుర్చీ చెయ్యి గోకాడు. "ఆఫీస్‌లో సోమవారం లంచ్‌కి అందరూ వీకెండ్ గురించి చెప్పుకుంటారు నాన్నా. ఎవడు ఎక్కడ వేటకెళ్ళాడు, ఏం కొట్టాడు. నేను ఇండియన్ స్టోర్‌కెళ్ళి పెసరపప్పు తెచ్చానని చెప్పాలి. డేల్ కూడా నాలుగేళ్ళలో హాయ్ తప్ప ఏమీ అనలేదు. మొన్న ఈ రైఫిల్ మాటొచ్చింది, గంటన్నర మాట్లాడాడు. గంటన్నర!"

భీమశంకరం గారు తల ఊపారు. "చివరిసారి నీకు బాగా కోపం ఎప్పుడొచ్చింది?"

"ఇది కూడా ఫైల్లోకేనా?"

"ఇదే అసలు ప్రశ్న."

"మార్చిలో. కాంట్రాక్ట్ రెన్యూ చెయ్యం అని చెప్పి మళ్ళీ చేస్తామన్నార్లే... ఆ మూడు రోజులు. ఇంటికొచ్చి గరాజ్‌లో లాన్‌మోవర్‌ని తన్నాను. కాలు వాచింది. బ్యాడ్మింటన్‌లో బెణికిందని జయంతికి చెప్పాను."

పెద్దాయనకి నవ్వొచ్చింది కానీ ఎంతోసేపు నిలవలేదు. "మా రోజుల్లో కోటయ్య అని ఒక రైతు ఉండేవాడు. అడవిపందుల నుంచి చెరుకు కాపాడుకోవాలని దరఖాస్తు పెట్టాడు. చీమకి కూడా దారిచ్చే మనిషి. అందరూ మంచివాడనే రిపోర్టిచ్చారు. నేనూ అదే రాశాను. రెండేళ్ళ తర్వాత గట్టు తగాదాలో తమ్ముడి కాలు మీద కాల్చాడు. కాలు తీసేశారు. కోర్టు వాయిదాకి వచ్చినప్పుడు నన్ను చూసి దణ్ణం పెట్టాడు. మేం రాసిన రిపోర్టుల్లో అబద్ధం లేదురా. వాడు మంచివాడే. ఆ ఐదు నిమిషాలు తప్ప."

"అయితే రిజెక్టా?" అని అడిగాడు భానుప్రకాష్.

భీమశంకరం గారు గొంతు సవరించుకున్నారు. డేల్ ఇంటి వైపు ఒకసారి చూశారు. నిజం చెప్పాలంటే ఆ టక్కుమనే మడత ఆయన మనసులో ఇంకా తిరుగుతూనే ఉంది. "రిజెక్ట్ చేయడం తేలిక. షరతులతో ప్రయత్నించి చూద్దాం. ముందు రిహార్సల్ జరగాలి."

షరతులు మూడు. తుపాకీ మేడమీద అలమరాలో తాళం వేసిన పెట్టెలో ఉండాలి. తాళంచెవి జయంతి దగ్గర, తూటాలు అనంతలక్ష్మి దగ్గర ఉండాలి. ముగ్గురూ కలిస్తే తప్ప కాల్చే వీలు ఉండకూడదు. రిహార్సల్ కోసం తుపాకీ బదులు, దొరికిన నాలుగో గొడుగుని మడిచి సూట్‌కేసులో పెట్టి తాళం వేశారు. తూటాల బదులు ఐదు జీడిపప్పు పలుకులు అనంతలక్ష్మికి అప్పగించారు. అలుగు కనిపించిన రోజున ఎంతసేపట్లో సిద్ధమవుతారో భీమశంకరం గారు గడియారం పెట్టి చూస్తారు. ఈలోపు అనంతలక్ష్మి మిగిలిన గోంగూర విత్తనాలు మడిలో మళ్ళీ వేసింది.

అలుగు వాళ్ళని ఎక్కువ రోజులు ఎదురుచూడనివ్వలేదు. గురువారం పొద్దున ఆరుంబావుకి, అప్పుడే వెలుతురు వస్తుండగా, వంటింటి కిటికీలోంచి చూసిన భీమశంకరం గారు "వచ్చింది!" అని కేకేశారు.

భానుప్రకాష్ లుంగీ ఎగ్గట్టి మేడెక్కాడు. సూట్‌కేసు దొరికింది. "జయంతీ, తాళంచెవి!"

జయంతి హైదరాబాద్ టీమ్‌తో కాల్‌లో ఉంది. "వన్ సెకండ్ గైస్" అని మ్యూట్ నొక్కి, "నా హ్యాండ్‌బ్యాగ్‌లో!" అంది.

"హ్యాండ్‌బ్యాగ్ ఏది?"

"కార్‌లో!"

"కార్ తాళాలు?"

"మీ దగ్గరేగా ఉండాలి!"

అతను ముందు ఫ్రీజర్ తెరిచి చూశాడు. అక్కడ లేవు. చివరికి లాప్‌టాప్ సంచిలో దొరికాయి. సూట్‌కేసు తెరిచి గొడుగు తీసేసరికి తొమ్మిది నిమిషాలు. అప్పటికి అలుగు మడిలో రెండో వరస మొదలుపెట్టింది.

"అమ్మా, తూటాలు!"

అనంతలక్ష్మి దేవుడి గూటి ముందు పారాయణంలో ఉంది. మధ్యలో మాట్లాడదు. కొడుకు చెయ్యి చాస్తే, ఆగమన్నట్టు వేళ్ళు చూపించి చదువుతూనే ఉంది. "అమ్మా, అది గోంగూర తవ్వేస్తోంది!" అంటే ఆవిడ చదివే వేగం పెంచింది కానీ ఆపలేదు. ముగించి, దణ్ణం పెట్టుకుని, పోపుల డబ్బా తీసి చూసి నాలిక్కరుచుకుంది.

"నిన్న పాయసంలో వేసేశాన్రా."

"పర్వాలేదు, తూటాలు ఉన్నాయనుకో!" అన్నారు గడియారం చూస్తున్న భీమశంకరం గారు. "పద్నాలుగు నిమిషాలు! వెళ్ళు, వెళ్ళు!"

భానుప్రకాష్ వసారా చెక్కల మీద బోర్లా పడుకున్నాడు. గొడుగు పిడిని భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, గురి చూశాడు. గొడుగు చివర అలుగు. అలుగుకి సరిగ్గా వెనక, పక్కింటి కిటికీలో, బనీనుతో కాఫీ తాగుతున్న డేల్. డేల్ అతన్ని చూశాడు. కొంచెంసేపు ఆలోచించి చెయ్యి ఊపాడు. భానుప్రకాష్ కూడా లుంగీలో బోర్లా పడుకునే, గొడుగు మీంచి ఒక చెయ్యి తీసి తిరిగి ఊపాడు.

సరిగ్గా అప్పుడే గొడుగు చివర స్మృతి కనిపించింది.

బయట గొడవకి లేచి, పక్క తలుపులోంచి వచ్చి, చెప్పులు టపటపలాడించుకుంటూ నేరుగా మడి దగ్గరికి నడిచింది. "హేయ్! షూ! గో హోమ్!" అని రెండు చప్పట్లు కొట్టింది. అలుగు ఉన్నచోటు నుంచి నిటారుగా, ఆ పిల్ల నడుమెత్తున గాల్లోకి ఎగిరింది. కిందపడ్డ మరుక్షణం కంచె కింద దూరి మాయమైంది.

"డిడ్ యూ సీ దట్?" అని స్మృతి గంతులేసింది. అనంతలక్ష్మి బుగ్గలు నొక్కుకుంటూ నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ జయంతి కూడా నవ్వుతూ, "వన్ సెకండ్ గైస్" అని ఇంకోసారి ఫోన్‌లో అంది.

భానుప్రకాష్ మాత్రం లేవలేదు. గొడుగు చెక్కల మీద పెట్టేశాడు. అలుగు, దాని వెనక డేల్ కిటికీ తప్ప ఇంకెటూ చూడలేదతను. పిల్ల ఎటునుంచి వచ్చిందో తెలియనే లేదు. నెమ్మదిగా లేచి, పెరట్లోకి దిగి, స్మృతి నెత్తి మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. "వాట్, డాడీ?" అంది ఆ పిల్ల. "నథింగ్ నాన్నా" అన్నాడు.

తిరిగొచ్చి తండ్రితో, "నాకొద్దు నాన్నా" అన్నాడు.

"సరే" అన్నారు భీమశంకరం గారు. ఆయన ముఖమూ పాలిపోయింది. అయినా అలవాటు పోలేదు. "ఉపసంహరణ అని ఒక ముక్క రాసివ్వు."

పావుగంటలో డేల్ కాలింగ్‌బెల్ కొట్టాడు. పొద్దున్నే తన కిటికీకి గొడుగు గురిపెట్టిన కారణం మర్యాదగానే అడిగాడు. భానుప్రకాష్ సిగ్గుపడుతూ అంతా చెప్పాడు, జీడిపప్పుతో సహా. డేల్ నవ్వీ నవ్వీ మెట్ల మీద కూలబడ్డాడు. తర్వాత చెవి గోక్కుంటూ అసలు సంగతి బయటపెట్టాడు. ఆ మడత రైఫిల్ కొన్న మూడేళ్ళలో అలుగు మీద తొమ్మిదిసార్లు కాల్చాడట. ఇంతవరకూ పడినవి తన ఇంటి చూరునీళ్ళ గొట్టం ఒకటీ, భార్య ముచ్చటపడి కొన్న పిట్టల నీళ్ళతొట్టి ఒకటీ. అలుగు ఇప్పటికీ రోజూ ముందు తన పెరడు తవ్వాకే ఇటు వస్తుందట.

"మరి నాకెందుకు కొనమన్నావు?" అన్నాడు భానుప్రకాష్.

"నువ్వు నాకంటే బాగా కాలుస్తావేమో అనుకున్నాను. ఆదివారం చూశాక ఆశ వదులుకున్నాను" అన్నాడు డేల్.

తీగ వలని నేలలో అడుగున్నర లోతుకి పాతితే అలుగు రాదని ఆఫీసులో ఎవరో చెప్పిన మాట భానుప్రకాష్‌కి గుర్తొచ్చింది. శనివారం ఇద్దరూ డేల్ ట్రక్కులో వెళ్ళి రెండు చుట్టల వల తెచ్చారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు పెరళ్ళలోనూ కందకం తవ్వారు. అర్కన్సా నేలలో మట్టి కంటే రాళ్ళే ఎక్కువ. భానుప్రకాష్ చేతులు బొబ్బలెక్కాయి. భీమశంకరం గారు కుర్చీ వేసుకుని కర్రతో లోతు కొలిచారు. రెండు చోట్ల తక్కువ వచ్చిందని మళ్ళీ తవ్వించారు. డేల్ ఆయన్ని "బాస్" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆయన వద్దనలేదు.

మధ్యాహ్నం జయంతి, అనంతలక్ష్మి పులిహోర, పెరుగన్నం బయటికే తెచ్చారు. డేల్ మిరపకాయని పక్కన పెట్టకుండా నమిలేసి, కళ్ళలో నీళ్ళతో, వాళ్ళ నాన్నతో మొదటిసారి వేటకెళ్ళిన కథ చెప్పాడు. చాలా పొడుగు కథ. అందులో లేడి చివరిదాకా కనిపించదు. భానుప్రకాష్ పార మీద గడ్డం ఆనించుకుని మొత్తం విన్నాడు. కథ అయ్యాక, కొల్లేట్లో పడవ తిరగబడి తాను పంతులుగారి గొడుగు పట్టుకుని తేలిన కథ చెప్పాడు. అది ఇంగ్లీషులో చెప్పడం అతనికి అదే మొదటిసారి. అంత బాగా రాలేదు. అయినా డేల్ సరైన చోటే నవ్వాడు.

చీకటి పడేలోపు ఇంకా పదడుగుల కందకం మిగిలింది. "రేపు చేద్దాం" అని డేల్ అంటే, "రేపు పొద్దున్నే" అని భానుప్రకాష్ అన్నాడు. పారలు రెండూ కంచెకి ఆనించి ఎవరింటికి వాళ్ళు వెళ్ళారు.